లెక్కలోకి రాని లంకె

"అత్తయ్యా, కాఫీ ఇప్పుడు తాగుతారా, స్నానం చేశాక తాగుతారా అడగండి."

"ఎవరినే?"

"మీ అబ్బాయి గారిని."

పెసరట్టు తిరగేయబోతున్న సంపూర్ణమ్మ అట్లకాడతో సహా వెనక్కి తిరిగింది. జాన్ పాల్ వంటింటి గుమ్మంలోనే ఉన్నాడు. అతనికీ దీవెనకీ మధ్య ఉన్నదల్లా ఒక స్టూలు, దాని మీద ఉల్లిపాయల బుట్ట.

"ఒరే పాలూ, విన్నావుగా?"

"విన్నానమ్మా. తర్వాత తాగుతానని చెప్పు."

"చెప్పను. ఉద్యోగం చేసినన్నాళ్ళూ డాక్టరు మాట రోగికీ, రోగి మాట డాక్టరుకీ మోశాను. నర్సుగా రిటైరయింది ఇంట్లో మళ్ళీ అదే పని చెయ్యడానికి కాదు."

దీవెన నవ్వు రాకుండా పెదవి బిగబట్టి, గిన్నె పంపు కిందికి జరిపింది. ఆ బిగబట్టడం జాన్ పాల్ కంటపడింది. కాస్త ధైర్యం వచ్చి లోపలికి ఓ అడుగు వేశాడు.

"దీవెనా..."

"మీరు స్టూలుకి అవతలే ఉండండి."

ఆ 'మీరు' వినగానే సంపూర్ణమ్మ స్టవ్ కట్టేసింది. కోడలు నలుగురిలో మొగుణ్ణి మీరంటుంది, ఇంట్లో నువ్వంటుంది. ఒకే క్లాసులో చదువుకుని పెళ్ళి చేసుకున్నవాళ్ళు. అత్తగారి ముందు ఆ పట్టింపు ఏనాడో పోయింది. ఇంట్లో కూడా మీరు అందంటే గొడవ లోతుగానే దిగిందన్నమాట.

"ఇదిగో, ఇద్దరూ వినండి. నిన్న కాలేజీ నుంచి వచ్చిన దగ్గర్నుంచి ఈ పిల్ల అన్నం ముట్టలేదు. వీడు ముట్టాడు గానీ ఏం తిన్నాడో వాడికే తెలీదు. ఉప్పనుకుని పెరుగులో పంచదార పోసుకున్నాడు. సంగతేంటో చెప్పి పోట్లాడుకోండి. చెప్పకపోతే నేనెవరి పక్షాన ఉండాలి?"

"నా పక్షాన" అన్నారు ఇద్దరూ.

స్టవ్ కట్టేసినా వేడి పెనం మీద పెసరట్టు మాడుతున్న వాసన వచ్చింది.

"కృపానందం గారి చెరువులో చేపలు తేలిపోయాయి కదా అత్తయ్యా, మొన్నామధ్య" అంది దీవెన చివరికి.

"తెలియకేం! బొచ్చె చేపలు ఒక్కొక్కటీ చంటిపిల్లంత ఉన్నాయన్నాడుగా వీడు. తెల్లారగట్ల నీళ్ళు చిలికే ఏరియేటర్లు ఆగిపోయాయిట. వైరింగు కాలిపోయిందన్నారు."

"ఎవరన్నారు?"

సంపూర్ణమ్మ కొడుకు వంక చూసింది.

"ఆ వైరింగు చూసేది చక్రి. మా కాలేజీ ల్యాబ్‌లో పనిచేసే బ్లెస్సీ వాళ్ళాయన. వైరింగు బానే ఉందని అతను చెబుతున్నా వినకుండా, గట్టు మీద పదిమందిలో నిలబెట్టి, రేపట్నుంచి రావద్దన్నారట కృపానందం గారు. నిన్న ల్యాబ్‌కి తాళం వేస్తూ బ్లెస్సీ చెప్పింది. ఏడ్చినా బావుండేది అత్తయ్యా. 'పాల్ సార్ గారిదేం తప్పు మేడమ్, వైరింగ్ పోయింది గనకే పోయిందన్నారు' అని మనల్నే వెనకేసుకొచ్చింది."

"పోయిందిగా మరి?"

"పోలేదమ్మా" అన్నాడు జాన్ పాల్ ఉల్లిపాయల బుట్టతో చెబుతున్నట్టు. "మన బోర్డు ఆగిపోయింది."

చెరువు నీళ్ళలో ఆక్సిజన్ ఎంతుందో చూసుకుని ఏరియేటర్లను తిప్పే బోర్డు అది. పెట్టె తయారుచేసేదీ, చెరువుల మీద బిగించేదీ జాన్ పాల్. అందులో నడిచే చిన్న ఆపరేటింగ్ సిస్టం దీవెనది. కంకిపాడు రోడ్డులోని ఇంజనీరింగ్ కాలేజీలో పాఠాలు చెబుతూనే ఏళ్ళ తరబడి రాసుకుంది. దాని మీదే పీహెచ్‌డీ థీసిస్ ఇచ్చింది. వైవా ఇంకా జరగాల్సి ఉంది.

సంపూర్ణమ్మ మాడిన పెసరట్టుని పక్కకి తీసింది. "నేను కూరగాయలకెళ్తున్నా. మీరు హాల్లోకి పోయి తేల్చుకోండి" అని సంచీ అందుకుంది. చెప్పులు వేసుకున్న మాట నిజమే గానీ బజారుకి వెళ్ళలేదు. తలుపు ఓరగా వేసి మెట్ల మీద కూర్చుంది.

కింద గవర్నర్‌పేట బజారు అప్పుడే షట్టర్లు లేపుతోంది. మోటారు పంపుల హోల్‌సేల్ షాపు ముందు ట్రాలీ ఆటో రివర్సు తీస్తుంటే ఎవరో "రానీ, రానీ" అని అరుస్తున్నారు. ఆ అరుపులు ఆగాక దీవెన అడిగింది.

"మీకెప్పుడు తెలిసింది?"

"తెలియలేదు. అనుమానం వచ్చింది."

"ఎప్పుడు?"

"ఆ రోజే. బోర్డు విప్పి చూశాను. అది చివర చేసిన పని కొత్త సెన్సర్ డ్రైవర్ లోడ్ చేసుకోవడం. ఆ తర్వాత ఏమీ లేదు."

"అంటే నా లోడర్."

జాన్ పాల్ కిటికీ ఊచ పట్టుకున్నాడు.

"అనండి. నా లోడర్ అనొచ్చు. నోరేం కాలిపోదు."

"గట్టు పొడుగునా చచ్చిన చేపలు దీవెనా. ఆయన నా చెయ్యి పట్టుకుని 'ఏమైంది పాల్ బాబూ, ఏమైంది' అని ఊపేస్తున్నాడు. స్టార్టర్ దగ్గర ఏదో కాలిన వాసన వచ్చినట్టనిపించింది. వైరింగేమోనండీ అన్నాను. ఏమో అనే అన్నాను. ఆయనకా ఏమో వినపడలేదు."

"మీకు వినపడిందిగా."

అతను కిటికీ రెక్క మూసి, మళ్ళీ తెరిచాడు.

"చక్రిని పిలిపించినప్పుడు మీరక్కడే ఉన్నారుగా?"

"ఉన్నాను."

"ఏం మాట్లాడలేదు."

"ఇంటికొచ్చి నీతో ఏమని చెప్పను? నువ్వు రాసింది చేపల్ని చంపిందని ఎట్టా చెప్పను? ఎంత ఇష్టంగా రాశావో పక్కనుండి చూసినవాణ్ణి. వైవా కూడా కాలేదు. అది అయ్యాక మెల్లిగా చెబుదాం, ఇద్దరం కూర్చుని వెతుకుదాం అనుకున్నాను."

"ఇష్టంగా రాస్తే తప్పుండదా? తప్పుందని తెలిస్తే నేను చచ్చిపోతాననుకున్నారా?" దీవెన అతని ముందుకొచ్చి నిలబడింది. "ఆ రోజే చెప్పుంటే ఆ రోజే వెతికేదాన్ని. చక్రి మర్నాడే పనిలోకి వచ్చేవాడు. నన్ను కాపాడ్డానికి ఎవర్ని ముందుకు తోశారో చూశారా?"

చూడలేదని అతని ముఖమే చెప్పింది. కాలిన వాసన, చచ్చిన చేపలు, ఇంట్లో దీవెన. చక్రి అతని ఆలోచనలోకి సరిగ్గా రానేలేదు. ఇప్పుడు వచ్చాడు. గట్టు మీద టెస్టర్ చేతిలో పట్టుకుని, 'వైరింగు బానే ఉందండీ, మీరే చూసుకోండి' అని మెల్లిగా అన్న మనిషి వచ్చాడు.

జాన్ పాల్ సోఫా అంచున కూర్చుండిపోయాడు. దీవెన బీరువా మీదున్న అట్టపెట్టె దించి, అందులోని ఖాళీ బోర్డు బయటికి తీసింది.

"ఏం చేస్తున్నావ్?"

"మీరు చెయ్యని పని."

భోజనాల బల్ల మీద బోర్డు పెట్టి, కంప్యూటర్‌కి వైరు తగిలించింది. ఏరియేటర్‌కి బదులు ఒక చిన్న ఎర్ర బల్బు కట్టింది. బోర్డు బతికున్నంతసేపూ బల్బు ఆరుతూ వెలుగుతూ ఉంటుంది. ఆ రోజు చెరువు మీద ఏ డ్రైవర్ నడుస్తోందో దాన్నే ఎక్కించి, దాని స్థానంలోకి కొత్తదాన్ని పంపింది.

బల్బు వెలిగి అలాగే ఉండిపోయింది. ఆరలేదు, మళ్ళీ వెలగలేదు. బోర్డు బిగుసుకుపోయింది.

కాళ్ళు లాగాయేమో, సంపూర్ణమ్మ ఖాళీ సంచీతో లోపలికొచ్చింది. "చిక్కుళ్ళు ముదిరిపోయి ఉన్నాయి, తేలేదు" అని ఎవరూ అడక్కుండానే చెప్పి, ఫ్రిజ్‌లోంచి నిన్నటి చిక్కుళ్ళు తీసుకుని కోడలి ఎదురుగా కూర్చుంది. ఈనెలు తీస్తూ కాసేపు చూసింది.

"ఈ లోడర్ అంటే ఏంటమ్మాయ్? వీడెప్పుడూ సరిగ్గా చెప్పడు."

దీవెన కళ్ళు స్క్రీన్ మీదే ఉన్నా మాట మెత్తబడింది. "బోర్డులో ఒక పెద్ద ప్రోగ్రాం ఉంటుంది అత్తయ్యా. ఏరియేటర్లు ఎప్పుడు తిప్పాలో అది నిర్ణయిస్తుంది. నీళ్ళని చదివే పని వేరే చిన్న ప్రోగ్రాంది, దాన్నే డ్రైవర్ అంటాం. ఆ చిన్నదాన్ని తెచ్చి మెమరీలో చోటిచ్చి కూర్చోబెట్టడం లోడింగ్. నీకు కావల్సింది ఫలానా చోట ఉంది, అక్కడికెళ్ళి అడుగు అని పెద్దదానికి దారి చూపించడం లింకింగ్."

"అది అన్ని కంప్యూటర్లలోనూ ఉండేదేగా? నువ్వు కొత్తగా చేసిందేంటి?"

"మామూలుగా అయితే ఒక్క లోడరే అన్ని రకాల ఫైళ్ళ సంగతీ తెలుసుకుని ఉండాలి. కొత్త రకం ఏదన్నా వస్తే లోడర్నే విప్పి కుట్టాలి. నా దాంట్లో ప్రతి ఫైలూ ఒక ఆబ్జెక్ట్. తనెలా తెరుచుకోవాలో, తనలో ఏ పని ఎక్కడుందో, ఎప్పుడు చోటు ఖాళీ చెయ్యాలో దానికే తెలుసు. అన్నిటికీ కావల్సిన పనులు తల్లి క్లాసు అనే ఒకే మూసలో రాశాను. కొత్త రకం ఫైలు వస్తే ఒక పిల్ల క్లాసు రాస్తే సరిపోతుంది. తల్లికి ఉన్నవన్నీ దానికి వస్తాయి, తేడాగా చెయ్యాల్సిందొక్కటే అది రాసుకుంటుంది."

"బావుంది. మరెందుకాగింది?"

"అదే చూస్తున్నా."

ఆమె మళ్ళీ మొదలుపెట్టింది. ఈసారి అదే డ్రైవర్‌ని పాత రకం ఫైలుగా ఎక్కించి, పాత రకం ఫైలుతోనే మార్చింది. బల్బు ఆరింది, వెలిగింది, ఆరింది. ఏ ఇబ్బందీ లేదు. కుదించిన ఫైలుతో మళ్ళీ చేసింది. బిగుసుకుపోయింది.

పొలాల్లో సిగ్నల్ సరిగా ఉండదని, ఫైళ్ళను కుదించి చిన్నవి చేసి పంపే పద్ధతి ఈమధ్యే పెట్టారు. దాని కోసం రాసిన పిల్ల క్లాసు ఒకటే. దీవెన దాన్ని తెరిచింది.

చదవడానికి ఎంతోసేపు పట్టలేదు. చదివాక మళ్ళీ మొదటి వరుస నుంచి చదివింది.

ప్రతి ఆబ్జెక్ట్ తనను ఎందరు వాడుకుంటున్నారో లెక్క పెట్టుకోవాలి. ఒకరికి తన దారి చూపే లంకె ఇచ్చినప్పుడు ఒకటి కలుపుకోవాలి, వాళ్ళు వదిలేస్తే ఒకటి తీసేయాలి. లెక్క సున్నాకొస్తే ఎవరికీ అక్కర్లేదని తెలుసుకుని చోటు ఖాళీ చేస్తుంది. లంకె ఇచ్చే పనీ, లెక్క కలిపే పనీ తల్లి క్లాసులో ఒకేచోట ఉన్నాయి. ఈ పిల్ల క్లాసు లంకె ఇచ్చే పనిని తన పద్ధతిలో తిరగరాసుకుంది. అందులో తల్లిని పిలవాలి. పిలవలేదు. పెద్ద ప్రోగ్రాంకి లంకె అందింది గానీ అది లెక్కలోకి రాలేదు. కొత్త డ్రైవర్ రాగానే పాతది తన లెక్క చూసుకుంది, సున్నా అనుకుంది, వెళ్ళిపోయింది. పెద్ద ప్రోగ్రాం అలవాటుగా వెళ్ళి ఖాళీ చోట తలుపు తట్టి అక్కడే ఆగిపోయింది.

ఆ పిల్ల క్లాసు రాసింది జాన్ పాల్.

ఆమెకి గుర్తొచ్చింది. సెమిస్టర్ పేపర్లు దిద్దలేక మెడ పట్టేసి కూర్చుంటే, 'నువ్వు లే, ఇది నేను రాస్తా, చిన్నదేగా' అని పక్కన కుర్చీ లాక్కుని రాశాడు. మధ్యలో లేచి ఆమె మెడకి బామ్ కూడా రాశాడు. ఆమె ఆ క్లాసు మళ్ళీ చదవకుండానే బాగుందని చెప్పింది.

దీవెన హాల్లోకి చూసింది. జాన్ పాల్ సోఫా అంచునే ఉన్నాడు, తల వంచుకుని. ఇప్పటికే చక్రి సంగతి అతన్ని తినేస్తోంది. దీని మీద ఇదొకటి చెప్పాలా? లోడర్‌దే తప్పంటే సరిపోతుంది. అతను నమ్ముతాడు, నమ్మే ఉన్నాడు. ప్రోగ్రాంలో ఒక్క వరుస కలిపేస్తే ఎవరికీ తెలియదు.

"దొరికిందా?" అంది సంపూర్ణమ్మ.

"దొరికింది."

"మరి ముఖమట్టా పెట్టావేం?"

"చెప్పకుండా ఉంటే బాగుంటుందేమోనని చూస్తున్నా అత్తయ్యా."

సంపూర్ణమ్మ చిక్కుడుకాయ తుంపడం ఆపింది. "వాడూ అట్టాగే అనుకున్నట్టున్నాడు."

దీవెన కళ్ళు మూసుకుని తెరిచింది. తర్వాత పిలిచింది.

"పాల్, ఇలా రా."

'రా' అన్న ఆ ఒక్క అక్షరానికి జాన్ పాల్ ఎంత వేగంగా లేచాడంటే సోఫా వెనక్కి జరిగి గోడకి తగిలింది. వచ్చి ఆమె కుర్చీ వెనక నిలబడ్డాడు. ఆమె వేలితో చూపించింది. అతను వంగి చదివాడు. రెండోసారి చదువుతుంటే ఊపిరి ఆమె చెవి దగ్గర ఆగిపోయింది.

"ఇది నాది."

"ఊఁ."

"నీ లోడర్ కాదు."

"కాదు."

"నేనిన్నాళ్ళూ నిన్ను కాపాడుతున్నాననుకుంటూ..." అతనికి నవ్వొచ్చింది. ఆ నవ్వు సగంలోనే పాడైపోయింది. కుర్చీ లాక్కుని కూలబడి, రెండు చేతులతో ముఖం కప్పుకున్నాడు.

దీవెన అతని మణికట్టు పట్టుకుని లాగింది. "ఇటు చూడు. తల్లి క్లాసు రాసింది నేను. లెక్క పెట్టే పనిని ఏ పిల్ల క్లాసూ ముట్టుకోకుండా కట్టేసి, మిగతాది మీ ఇష్టమని వదలాలి. నేను మొత్తం వదిలేశాను. పిల్ల క్లాసు రాసేవాళ్ళెవరో ఒకరు ఎప్పుడో ఒకప్పుడు మర్చిపోతారు. అది నేను ముందే అనుకోవాల్సింది."

"మర్చిపోయింది నేనేగా."

"మర్చిపోయింది నువ్వు. మర్చిపోవడానికి వీలుగా వదిలింది నేను. ఇద్దరిదీ. వైరింగుది మాత్రం కాదు."

"ఏం మర్చిపోయాడే?" అంది సంపూర్ణమ్మ.

"తల్లిని పిలవడం అత్తయ్యా."

"అందులో వింతేముంది! నాలుగు రోజులు చెరువుల మీద తిరిగినా ఒక్క ఫోను ఉండదు."

ముగ్గురూ నవ్వారు. నిన్నటి నుంచి ఆ ఇంట్లో అదే మొదటి నవ్వు. దీవెన నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది. సంపూర్ణమ్మ లేచి మళ్ళీ స్టవ్ వెలిగించింది.

పెసరట్లు తింటూ దీవెన తల్లి క్లాసు సరిచేసింది. లంకె ఎవరిచ్చినా లెక్క తల్లి దగ్గరే పడేలా మార్చింది. బోర్డు మీద రకరకాలుగా తిరగేసి చూసింది. కొత్తది వచ్చాక కూడా పాత డ్రైవర్ చోటు వదలకుండా ఉంది. పెద్ద ప్రోగ్రాం కొత్తదానికి మారాకే వెళ్ళింది. బల్బు ఎక్కడా తొట్రుపడలేదు.

"ఇది వైవాలో చెప్పాలి" అంది. "థీసిస్‌లో ఒక అధ్యాయం దిద్దుకోవాల్సి వస్తుంది."

"వద్దంటారేమో."

"అంటే మళ్ళీ రాస్తాను. ముందు కృపానందం గారి దగ్గరికెళ్దాం."

జాన్ పాల్ పెసరట్టు ముక్క తుంచి అలాగే పట్టుకున్నాడు. "సోమవారం అయ్యాక వెళ్దామా?"

సోమవారం ఉయ్యూరులో చేపల రైతుల సంఘం సమావేశం ఉంది. ఈ బోర్డు అందరి చెరువుల మీదా పెట్టొచ్చా లేదా అన్నది అక్కడే తేలుతుంది. సంఘానికి పెద్ద కృపానందమే. ఆయన ఒక్క మాటంటే చాలు, జాన్ పాల్ ఇన్నేళ్ళ తిరుగుడు ఫలిస్తుంది.

"దాచమనట్లేదు. రెండు రోజులు ఆగుదామంటున్నా. సరిచేశాం కదా."

దీవెన అతని వంక చూసింది. కోపంగా చూడలేదు. అలసిపోయి, ఇష్టంగా, ఇతనేం చేస్తాడో చూద్దామన్నట్టు చూసింది.

జాన్ పాల్ ముక్క ప్లేటులో పెట్టేశాడు. "బండి తాళాలెక్కడ పెట్టానమ్మా?"

కంకిపాడు దాటాక రోడ్డంతా చెరుకు ట్రాక్టర్లు. ఉయ్యూరు ఫ్యాక్టరీ ముందు బారుగా నిలబడ్డ వాటి మధ్యనుంచి స్కూటర్‌ని మెల్లగా లాగాల్సి వచ్చింది. బెల్లం పాకం వాసన గాలినిండా ఉంది. దీవెన ఒడిలో సంచీ, సంచీలో బోర్డు, రెండో చెయ్యి అతని భుజం మీద. దారి పొడుగునా ఏం మాట్లాడాలో ఇద్దరూ లోపల్లోపలే అనుకుంటూ వచ్చారు.

కృపానందం గట్టు మీద మేత బస్తాలు దింపిస్తున్నాడు. అరవై దాటిన మనిషి, మోకాళ్ళ పైకి కట్టిన లుంగీ, నెత్తిన తువ్వాలు. దీవెనని చూడగానే తువ్వాలు తీశాడు.

"వందనాలమ్మా. మీరెందుకింత ఎండలో? పాల్ బాబు వస్తే చాలదా?"

"వందనాలండీ. ఒక మాట చెప్పాలని వచ్చామండీ."

"షెడ్డులోకి రండి, మజ్జిగ తాగుదురుగాని."

"చెప్పాక తాగుతామండీ" అన్నాడు జాన్ పాల్. గుక్క తిప్పుకోకుండా చెప్పేశాడు. "ఆ రోజు వైరింగు పోలేదండీ. మా బోర్డు ఆగిపోయింది. నేను రాసిన ప్రోగ్రాంలో తప్పు. నాకు ఆ రోజే అనుమానం వచ్చింది. చెప్పలేదు."

"నేను రాసిందాంట్లో కూడా ఉందండీ" అంది దీవెన.

కృపానందం తువ్వాలు భుజాన వేసుకున్నాడు. చెరువు వైపు తిరిగి నిలబడ్డాడు. ఏరియేటర్ చక్రాలు నీళ్ళను చిలుకుతున్నాయి. బస్తాలు దింపే కూలీలు కూడా ఎందుకో నెమ్మదించారు.

"శీలావతి చేపపిల్లల్నైతే మళ్ళీ వేసుకున్నాను" అన్నాడు. "అవి పెరుగుతాయి. చక్రిని ఇదే గట్టు మీద, ఇదిగో వీళ్ళందరి ముందు అనరాని మాటలన్నాను. వాడు నా కాళ్ళ దగ్గర పెరిగినవాడు పాల్ బాబూ. తిరిగి ఒక్క మాటన్నా అనలేదు. టెస్టర్ నా చేతిలో పెట్టి వెళ్ళిపోయాడు."

"తప్పైపోయిందండీ."

"నాదీ తప్పే. 'ఏమో' అంటే 'అవును' అనుకున్నాను. తిట్టడానికి ఎవరో ఒకరు కావాలి ఆ పూట." ఆయన జాన్ పాల్ భుజం మీద చెయ్యి వేశాడు, తీశాడు. "ఇప్పుడీ పెట్టె నడుస్తోందిగా. మళ్ళీ ఆగుతుందా?"

"కొత్త డ్రైవర్ పంపనంతవరకూ ఆగదండీ" అంది దీవెన. "సరిచేసింది తెచ్చాను. ఎక్కించాలంటే ఏరియేటర్లు కాసేపు మామూలు స్విచ్చు మీద నడపాలి. కరెంటు తెలిసిన మనిషి పక్కన ఉండాలండీ."

"ఉన్న మనిషిని పంపేశాంగా."

"వేరే ఎవరైనా..."

"వద్దు." ఆ మాట మెత్తగానే అన్నాడు గానీ దానికి తిరుగులేదు. "చక్రి లేకుండా నా చెరువు మీద ఎవర్నీ చెయ్యి వెయ్యనివ్వను. మీరు వాడి దగ్గరికెళ్ళండి. నేనే వచ్చేవాణ్ణి గానీ, నన్ను చూస్తే మొహమాటానికి సరేనంటాడు. వాడు మొహమాటానికి రాకూడదు."

"సోమవారం మీటింగు..." జాన్ పాల్ అడగలేక అడిగాడు.

"సోమవారం సంగతి సోమవారం. మజ్జిగ తాగి వెళ్ళండి. అమ్మాయిగారు ఎండకి వాడిపోయారు."

కంకిపాడులో చక్రి వాళ్ళిల్లు రైస్‌మిల్లు వెనక సందులో. దీవెన ఇదివరకు ఒకసారి బ్లెస్సీని దింపడానికి వచ్చింది. తలుపు బ్లెస్సీయే తీసింది. దీవెనని చూసి ముఖం విప్పారింది. వెనక జాన్ పాల్‌ని చూసి, లోపలికి తిరిగి చూసింది.

"రండి మేడమ్. రండి సార్. ఆయన ఊరెళ్తున్నారు, సర్దుకుంటున్నారు."

గది మధ్యలో జిప్పు సగం వేసిన బ్యాగు ఉంది. చక్రి లేచి నిలబడ్డాడు. దీవెన అనుకున్న దానికంటే చిన్నవాడు.

"భీమవరం దగ్గర చెరువుల మీద పని దొరికింది మేడమ్. సాయంత్రం బస్సు." ఇక్కడి పని ఎందుకు పోయిందో అతను అనలేదు. "కూర్చోండి సార్."

జాన్ పాల్ కూర్చోలేదు. కృపానందానికి చెప్పినదంతా మళ్ళీ చెప్పాడు. ఈసారి ఇంకా కష్టమైంది. మధ్యలో మాట రెండుసార్లు తడబడింది. దీవెన అందుకోలేదు, అతన్నే చెప్పనిచ్చింది. చెప్పడం అయ్యేసరికి బ్లెస్సీ గోడకి ఆనుకుని నోటికి చెంగు అడ్డం పెట్టుకుంది.

చక్రి ఒక్కటే అడిగాడు. "నేను బానే ఉందండీ అన్నప్పుడు, మీకు తెలుసా సార్ అది నిజమని?"

తెలియదు అనొచ్చు. అప్పటికి ఏదీ తేలలేదు, అదీ అబద్ధం కాదు. జాన్ పాల్ దీవెన వైపు చూడబోయి మానుకున్నాడు.

"నిజమేమో అనిపించింది చక్రీ. అనిపించి ఊరుకున్నాను."

చక్రి తలూపాడు. బ్యాగు పక్కన కూర్చుని జిప్పు కొస పట్టుకున్నాడు.

"కృపానందం గారు నిన్ను రమ్మంటున్నారు" అంది దీవెన. "మొహమాటానికి మాత్రం రావద్దన్నారు."

"సోమవారం ఉయ్యూరు మీటింగులో అందరి ముందూ చెబుతాను" అన్నాడు జాన్ పాల్. "గట్టు మీద ఎవరెవరు విన్నారో వాళ్ళందరూ వస్తారు. నీదేం తప్పు లేదని నేనే చెబుతాను. బోర్డు పోతే పోనీ."

"ఆ మాట నా తరఫున మీరు చెప్పడం ఎందుకు సార్?"

చక్రి గొంతులో కోపం లేదు.

"ఆ రోజు నా సంగతి మీరు మాట్లాడారు, కృపానందం అయ్యగారు మాట్లాడారు. మీటింగులో కూడా మీరే మాట్లాడితే ఎట్టా?" చక్రి బ్యాగు జిప్పు పూర్తిగా తీసి, మడతపెట్టిన చొక్కాలు మంచం మీద పెట్టాడు. "సోమవారం నేను చెప్తాను. మీరిద్దరూ నా పక్కన నిలబడాలి. నేను ఏమన్నా సరే, మధ్యలో మాట్లాడకూడదు."

"ఏం చెబుతావయ్యా?" అంది బ్లెస్సీ భయంగా.

చక్రి ఆమె వైపు చూడలేదు. జాన్ పాల్ ముఖంలోకే చూస్తున్నాడు.

"అది ఇప్పుడు అడగొద్దు. నిలబడతారా సార్?"

దీవెన చెయ్యి జాన్ పాల్ మోచేతి దగ్గరకొచ్చి ఆగింది. అతను ఆమెను అడగలేదు.

"నిలబడతాను" అన్నాడు.